మీటరు ఎక్కడ పెట్టాలి

మా బావ అప్పలసూరి కుడి చెయ్యి మోచేతి దగ్గర వంగి, అలాగే ఉండిపోయింది. అన్నం కలుపుకోవడానికి సరిపోతుంది, మీసం దువ్వుకోవడానికి సరిపోతుంది, నన్ను తిట్టేటప్పుడు వేలు ఆడించడానికైతే మునుపటికంటే బాగా పనికొస్తుంది. ముందుకు చాపడానికి మాత్రం రాదు.

శివరాత్రికి నాలుగు రోజుల ముందు, జలుమూరు వైపు ఒక రైతు బావి మీద ఆయిలింజను స్టార్టు చేస్తుంటే, తిప్పే హేండిలు ఎదురు తన్నింది. బావ ఆ పనిలో పదిహేనేళ్ళుగా ఉన్నవాడు. నరసన్నపేట చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఇంజను మొరాయించినా ఆయనకే కబురొస్తుంది. హేండిలు చుట్టూ బొటనవేలు వెయ్యొద్దని కొత్తవాళ్ళకి చెప్పే మనిషే ఆ రోజు బొటనవేలు వేసి పట్టుకున్నాడట. కట్టు కట్టిన పెద్దాయన ఎముకను బాగానే అతికించాడు గాని, కట్టు విప్పేసరికి కీలు బిగుసుకుపోయింది.

అది 1968 వేసవి. నేను విజయనగరంలో బియ్యస్సీ పరీక్షలు రాసి, రిజల్టు తెలిసేదాకా అక్క ఇంట్లో ఉందామని నరసన్నపేట వచ్చాను. రిజల్టు తెలిసింది. సెకండు క్లాసు. మా ఇంట్లో సంతకం పెట్టడం నేర్చిన మొదటివాడు మా నాన్న, డిగ్రీ తెచ్చుకున్న మొదటివాణ్ణి నేను. ఆ డిగ్రీలో నా కష్టం ఎంత ఉందో బావ మోటారుసైకిలు కష్టం కూడా అంతే ఉందని నేను ఎక్కడైనా చెబుతాను. సెలవులు అయిపోయిన ప్రతిసారీ ఒళ్ళో ట్రంకుపెట్టె, కాళ్ళ మధ్య బియ్యం మూట పెట్టుకుని ఆ బండి వెనకే కూర్చుని కాలేజీకి వెళ్ళాను. రెండో సంవత్సరంలో హాస్టల్లో జ్వరం పడితే, బావ వానలో వచ్చి, స్పృహ తప్పి పడిపోతానేమోనని నన్ను తువ్వాలుతో తన నడుముకు కట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. ఆ దారంతా నా చెంప ఆయన వీపు మీదే ఉంది.

అది రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీవాళ్ళు వాడి, తరవాత వేలంలో వదిలించుకున్న ఇంగ్లీషు బండి. బావ దానికి నల్లరంగు వేయించాడు గాని, గీత పడ్డ చోటల్లా మిలిటరీ పచ్చరంగు బయటపడుతూ ఉంటుంది. దాని హేండిలు బారు తిన్నగా, కిందికి ఉంటుంది. అందుకోవాలంటే నడిపేవాడు కాస్త ముందుకు వంగి రెండు చేతులూ చాపాలి.

కట్టు విప్పిన మర్నాడు బావ వాకిట్లో బండెక్కి కూర్చున్నాడు. ఎడమ చెయ్యి అందింది. కుడి చెయ్యి జానెడు దూరంలో ఆగిపోయింది. నడుము వంచాడు, పక్కకి ఒరిగాడు. ఆఖరికి గెడ్డం పెట్రోలు టేంకు మీద ఆనిస్తే గాని అందలేదు.

"ఇలా ఎల్తే ఎదరొచ్చేవోడు బండి మీద పీనిగెల్తన్నాదనుకుంటాడు" అని నవ్వుతూ దిగాడు.

మా అక్క దాలమ్మ ఆ నవ్వు గుమ్మంలోంచి చూసింది. ఆ వారమే, టెక్కలి దగ్గర ఒక రైసుమిల్లులో మేనేజరుగా ఉన్న గణపతిరావుగారికి కబురు పెట్టింది. ఆయనకి ఆ బండి మీద ఎప్పట్నించో మనసు. ఆదివారం పొద్దున్న వచ్చి తీసుకెళ్తానన్నారు.

"సైకిలు మీద ఎల్లు మావా, ఎడ్లబండి మీద ఎల్లు. ఇంజన్లు నీకోసం ఆగుతాయి" అంది అక్క.

"ఇంజను ఆగుతాదే. ఆకుమడి ఆగుతాదేటి? నీల్లు లేకపోతే రెండు రోజుల్లో మాడి సస్తాది. ఎడ్లబండి మీద నానెల్లీసరికి పంటే అయిపోతాది."

"అయితే ఏటంతావు?"

"హేండిలు మార్సీసినామనుకో. ఎత్తుది, ఎనక్కి వంగినది ఏసీసినామనుకో. నాను సెయ్యి సాపక్కర్లేదు. హేండిలే నా సేతికాడికి వస్తాది."

అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఏరిన రాయిని వాకిట్లోకి విసిరింది.

"సరే. శనివారం నాటికి మార్సు. నాను ఎనక కూకుంటాను. మడపాం వంతెన దాకా ఎల్లొద్దాం. ఎప్పటినాగ నడిపితే బండి ఉంచుకుందాం. నాకు ఏ మాత్తరం తేడా కనిపించినా ఆదివారం గణపతిరావుగోరికి ఇచ్చీడమే. మల్లీ నోరెత్తకూడదు."

"ఎత్తను."

ఎప్పటిలాగా అంటే గంటకి పాతిక మైళ్ళు. అంతకు మించకూడదు. వాళ్ళ పెళ్ళయిన ఏడాది, బండి కొత్త మోజులో బావ అక్కని వెనక కూర్చోబెట్టుకుని నౌపడ దగ్గర బంధువులింటికి బయల్దేరి, మలుపు తిరగలేక ఇద్దరూ కలిసి దమ్ము చేసిన మడిలో పడ్డారు. అక్క పట్టుచీర, జడలో పూలు అన్నీ బురదే. ఆ బురదలోనే కూర్చుని, ఇక మీద పాతిక దాటనని తన తల మీద చెయ్యి పెట్టించుకుంది. బావ ఆ ఒట్టు తప్పగా నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి పాతపట్నం బస్సు మమ్మల్ని దాటి పోతుంటే అందులోని పిల్లలు వెక్కిరించారు. బావ వాళ్ళకి చెయ్యూపి, అదే వేగంతో వెళ్ళాడు.

అక్క లోపలికి వెళ్ళగానే బావ నా వైపు తిరిగాడు.

"ఒరే సోములూ! బియ్యస్సీ! స్పేనరు పట్టడం వచ్చేటి?"

"ప్రాక్టికల్సులో స్క్రూగేజి పట్టుకున్నాను బావా."

"అదేటి సేస్తాది?"

"తీగ మందం ఎంతో కొలుస్తాది."

"తీగ మందం తీగకి తెలుసులేరా. నీ సేతులు నాకియ్యి, నా బుర్ర నీకిస్తాను. మూడు రోజులే ఉన్నాది."

గురువారం బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళాను. అక్కడ త్యాగరాజుగారని ఒకాయన మోటారుసైకిళ్ళ షెడ్డు పెట్టుకుని ఉన్నారు. సన్నాయి వాయించే ఇంట్లో పుట్టి ఈ పనిలోకి వచ్చిన మనిషి. ఇంజను శబ్దం వింటూ, ఎక్కడో శ్రుతి తప్పినట్టు ముఖం చిట్లించి, అక్కడే స్క్రూ తిప్పుతారు. బావ పేరు చెప్పగానే చేతులు తుడుచుకుని లేచారు. అటక మీంచి ఒక హేండిలు బారు తీశారు. కోడె కొమ్ముల్లా పైకి లేచి, వెనక్కి వంగి ఉంది. పెద్ద పొట్ట ఉన్న కంట్రాక్టరొకాయన చేయించుకుని, అది వచ్చేలోపల జీపు కొనుక్కున్నాడట.

"తీసుకెళ్ళు బాబూ. కానీ ఒక్క సంగతి. హేండిలు ఎత్తు పెరిగితే తీగలన్నీ పొట్టివైపోతాయి. క్లచ్చిది, బ్రేకుది, యాక్సిలరేటరుది, మీటరుది నాలుగూ పొడుగువి పట్టుకెళ్ళు. అవి ఎవరైనా బిగిస్తారు. మీటరు ఎక్కడ పెట్టాలన్నదే చూసుకోవాలి. పాత చోట అది ఇమడదు."

హేండిలు భుజాన వేసుకుని బస్సెక్కితే కండక్టరు, "ఏటి బాబూ, బండి ఎక్కడ పారీసుకున్నారు?" అన్నాడు. బస్సంతా నవ్వింది.

శుక్రవారం పొద్దున్నే పని మొదలుపెట్టాం. బావ పందిట్లో నులకమంచం మీద కూర్చుని చెబుతున్నాడు, నేను చేస్తున్నాను. అయిదేళ్ళు సైన్సు చదివినవాడికి నట్టు ఎటు తిప్పితే విడుతుందో చేతికి తెలియకపోవడం ఏమిటని నాకు సిగ్గేసింది. రెండుసార్లు బిగిసేవైపే తిప్పాను. స్పేనరు జారి వేళ్ళ చర్మం లేచింది.

"రక్తం సూసీసినావు కదా, ఇంక బండి నీ మాట ఇంటాది. తిప్పు" అన్నాడు బావ.

పాత హేండిలుకి మీటరు ఒక పట్టీతో బిగించి ఉండేది. విప్పేముందు దాన్ని నేను సరిగ్గా చూశాను. సున్నా నుంచి ఎనభై దాకా మైళ్ళ అంకెలు. కానీ మీటరు తిన్నగా లేదు. మెడ పట్టేసిన మనిషి తలలా కుడివైపు బాగా ఒరిగి ఉంది.

"ఇదేటి బావా, ఇలాగ వంకరగా ఉంది?"

"అదా? నాను బండి కొన్న కొత్తలో దానికి కేబులు లేదు. వేరే బండిది తెచ్చి ఏస్తే పొట్టిదైపోనాది. మీటరు పక్కకి తిప్పితే గాని మూతి అందలేదు. అలాగే బిగించీసినాను. ఇప్పుడు పొడుగుది తెచ్చావు కదా, సక్కగా పెట్టీ."

కొత్త బారు లావుగా ఉంది. పాత పట్టీ దానికి పట్టలేదు. పైగా ఆ ఎత్తున పెడితే మీటరు బావ రొమ్ముకి అడ్డంగా వస్తుంది. నేను నోటుబుక్కు తెచ్చి బొమ్మ గీశాను. నడిపేవాడి కన్ను ఎక్కడుంటుంది, చూపు ఎలా పడుతుంది, అన్నీ లెక్క వేశాను. బావ పాత ఇంజను రేకొకటి ఇస్తే దాన్ని కోసి, రెండు కన్నాలు వేసి, ముందు ఫోర్కు మీద సరిగ్గా మధ్యలో కిందగా బిగించాను. మీటరు తిన్నగా నిలబెట్టాను. నలభై అంకె నడినెత్తిన, సున్నా ఎడమన, ఎనభై కుడిన. తూకం పట్టినట్టు వచ్చింది.

"గోడగెడియారం నాగ ఉన్నాదిరా!" అన్నాడు బావ. నేను చదివిన చదువు ఆ ఇంటికి మొదటిసారి పనికొచ్చిందని నాకు అనిపించింది. మీటరు అద్దాన్ని నా చొక్కాతోనే తుడిచాను.

బావ ఎక్కి కూర్చున్నాడు. హేండిలు పిడి వచ్చి ఆయన వంగిన చేతిలో కూర్చుంది. నాలుగు నెలల తరవాత. ఆయన పిడిని నొక్కి వదిలి, నొక్కి వదిలి చూసుకున్నాడు. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు. అక్క గుమ్మం దాటి రాలేదు. "రేపు సూస్తాను కదా" అంది లోపల్నించే.

శనివారం ఎండ తగ్గాక ఇద్దరూ బయల్దేరారు. అక్క ఎప్పటిలా ఎడమవైపుకి కాళ్ళు పెట్టి ఒకపక్కగా కూర్చుని, కొంగు నడుముకి దోపుకుంది. వాళ్ళు వెళ్ళిన దగ్గర్నుంచి నేను అరుగు మీద కూర్చోలేక, వీధిలో నిలబడలేక తిరిగాను. చీకటి పడకముందే వచ్చేశారు. బావ ముఖం దసరా బొమ్మలా వెలిగిపోతోంది. దిగుతూనే, "ఒరే, వెన్నలాగ ఎల్లిందిరా! వంతెన మీద గాలికి కూడా తొణకలేదు!" అన్నాడు.

అక్క దిగి, కాళ్ళు కడుక్కుని, లోపలికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"రేపు గణపతిరావుగోరికి ఇచ్చీండి" అంది.

బావ వినబడనట్టు చూశాడు. తరవాత వినబడింది.

"ఎందుకే? తేడాగా నడిపానేటి?"

"నోరెత్తనన్నావు కదా."

ఆయన నిజంగానే నోరెత్తలేదు. కాసేపు బండి పక్కన నిలబడి, మంచం కోడు మీంచి గుడ్డ తీసుకుని, కొనేవాడు వచ్చేసరికి శుభ్రంగా ఉండాలని మడ్‌గార్డు తుడవడం మొదలుపెట్టాడు. వంగిన చేత్తో తుడుస్తుంటే గుడ్డ అంతా అందడం లేదు. ఆ పని చూస్తూ నేను నిలబడలేకపోయాను.

వంటింట్లోకి వెళ్తే అక్క పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"అక్కా, బావ ఏం తప్పు చేశాడు?"

"మెల్లగా మాటాడు. ఇంటాడు." అక్క కళ్ళు తుడుచుకుంది. "తప్పేటి లేదురా. బయపడిపోనాడు. ఆ సెయ్యి ఇరిగిన కాన్నించి పాణం జడిసిపోనాది మీ బావకి. వంతెన దాకా ఎల్లి వచ్చినామా, ఒక్కపాలంటే ఒక్కపాలి కూడా ముల్లు నిలబడలేదు. నాను మెడ సాపి సాపి సూసినాను. ఎప్పుడు సూసినా ఎడంపక్కకి పడుకునే ఉన్నాది. జడుపుతోటి బండెక్కినవోడు ఏదో ఒక రోజు లారీ కింద పడతాడు. ఆ మాట మొకం మీద అంటే సచ్చిపోతాడు. అందుకే ఊరుకున్నాను."

"ముల్లు నిలబడ్డం ఏమిటి?"

"మీటరు ముల్లురా. పాతికలో ఎల్తన్నప్పుడు ఇదిగో, ఇలాగ నిలబడతాది." అక్క వేలు ఆకాశం వైపు నిటారుగా పెట్టి చూపించింది. "పన్నెండేళ్ళుగా సూస్తన్నాను. నిలబడితే సరిగ్గా ఉన్నట్టు. కుడేపు వాలితే ఒట్టు తప్పినట్టు. ఎడమేపు పడుకుంటే మెల్లగా ఎల్తన్నట్టు."

"అంకె చూడవా?"

"అంకెలు నాకొచ్చేటి?"

నేను ఆ వంటింటి నేల మీద కూర్చుండిపోయాను. పాత మీటరు కుడికి ఒరిగి ఉండేది. అలా ఒరిగితే పాతిక అంకె సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. నేను దాన్ని చక్కగా, తిన్నగా, నలభై పైకి వచ్చేలా బిగించాను. పాతికలో వెళ్తే ఇప్పుడు ముల్లు ఎడమకే వాలి ఉంటుంది. బావ వెళ్ళింది పాతికలోనే. బండిని ఆ ఇంటినుంచి పంపించేస్తున్నది నేను.

అక్క చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాను.

"బావా, ఎంతలో వెళ్ళావు?"

"ఎంతలో ఏటి, పాతికే."

"మీటరు చూశావా?"

"మీటరెందుకురా? దాన్ని నానెప్పుడు సూసినాను? పాతికలో ఇంజను ఒకలాగ పలుకుతాది. దాటితే గొంతు మారుతాది."

నేను జరిగింది చెప్పాను. మీటరు వంకర, కేబులు, నా బొమ్మ, నా లెక్క అంతా. బావ గుడ్డ చేత్తోనే పట్టుకుని అక్క వైపు చూస్తున్నాడు.

"నువ్వు మీటరు సూస్తన్నావేటి? ఇన్నేళ్ళూ?"

"సూడనేటి మరి? పాతికంటే ఎంతని అడిగితే నువ్వే కదా సూపించావు? ముల్లు ఇలాగ నిలబడితే పాతికని?"

"నానా? ఎప్పుడు?"

"మడిలో పడ్డ మర్నాడు!"

"గుర్తు లేదే."

"నీకేటి గుర్తుంటాది? తల నాది కదా."

బావ పకపకా నవ్వాడు. అక్క నవ్వలేదు. నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"మీ బావా బావమరుదులు ఒకటైపోయి కతలు సెప్తన్నారేమో నాకేటి తెలుస్తాది? ఇద్దరూ బండి కోసం సచ్చిపోతన్నారు. అంకెలు వచ్చినోలు ఏదైనా సెప్తారు."

ఆ మాట నాకు తగిలింది. నిజమే, ఆవిడ నమ్మాలని ఎక్కడుంది? అంకెలు వచ్చినవాణ్ణి నేను, ఆ అంకెలు ఆవిడకి ఒక్కరోజూ చూపించలేదు. సెలవుల్లో వచ్చి ఆ పొయ్యి దగ్గరే కూర్చుని తినేవాణ్ణి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని.

"అక్కా, మా మాట నమ్మొద్దు. మీటరు పాత వంకరలోనే పెట్టేస్తాను. రేపు పొద్దున్నే, ఆయన రాకముందు మళ్ళీ ఒకసారి వెళ్ళిరండి. నువ్వు ముల్లే చూడు. అప్పుడు కూడా పడుకునే ఉంటే ఇచ్చేద్దాం. నేనే తాళం చెవి ఇస్తాను."

అక్క ఆలోచించింది. "ఎల్దాం. కానీ ఆ మద్దెలో పెట్టకు. ఇయ్యాల సూడ్డానికి నా మెడ ఇరిగిపోనాది. మీద పడతన్నావేటని ఈయన గొడవ."

"మరి ఎక్కడ పెట్టమంటావు?"

"నాకు కనిపించే కాడ పెట్టు."

"నడిపేవాడికి కనిపించకపోతే ఎలాగ అక్కా?"

"ఒరే, దానికి కనిపించే కాడే పెట్టు" అన్నాడు బావ. "నాకు సెవులున్నాయి."

అక్క బండి వెనక ఎక్కి కూర్చుంది. బావ ముందు కూర్చున్నాడు. స్టాండు మీదున్న బండి మీద ఇద్దరూ ఎక్కడికో వెళ్తున్నట్టు నిటారుగా కూర్చుంటే, నేను మీటరు చేత్తో పట్టుకుని బండి చుట్టూ తిరిగాను.

"ఇక్కడా?"

"ఆయన బుజం అడ్డొస్తన్నాది."

"ఇక్కడ?"

"కిందకి. ఇంకాస్త. అటేపు కాదురా, నా వేపు తిప్పు!"

"నన్ను కూడా అడ్డం తీసీమంటాది ఇంకాసేపైతే" అన్నాడు బావ.

"నువ్వు ఊరుకో మావా. తిన్నగా కూకో, బండి నడుపుతన్నట్టు. ఆ... అక్కడ. అక్కడుంచు."

అది హేండిలుకి ఎడమపక్క, పిడికి జానెడు లోపల, ముఖం వెనక్కి, అక్క వైపు తిరిగి. నడిపేవాడు చూడాలంటే తలంతా వంచాలి. ఏ పుస్తకంలోనూ అలాంటి చోటు ఉండదు. నేను కోసిన రేకుని మళ్ళీ వంచి, కన్నాలు మార్చి అక్కడికే బిగించాను. కేబులు సరిగ్గా అందింది. పాతిక అంకె నెత్తి మీదికి వచ్చేదాకా మీటరు తిప్పి, నట్టు బిగించేముందు అక్కని అడిగాను. అక్క ఒక కన్ను మూసి చూసింది.

"ఆ. ఇదీ మా మీటరు" అంది.

ఆదివారం ఇంకా ఎండెక్కకముందే వాళ్ళు వెళ్ళారు. వాళ్ళు తిరిగి రాకముందే గణపతిరావుగారు వచ్చేశారు. తెల్లచొక్కా, చేతిలో గొడుగు. బండి తోలుకెళ్ళడానికి తన మనిషిని కూడా తెచ్చుకున్నారు. నేను కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "ఇప్పుడే వచ్చేస్తారండీ" అన్నాను. ఆయన నా చదువు గురించి అడిగారు. సెకండు క్లాసని చెప్పాను. తరవాత ఏం చేస్తావన్నారు. మేస్టరు పనికి అర్జీ పెడతానన్నాను. ఏం అడిగారో, ఏం చెప్పానో, నా చెవులు మాత్రం వీధి మలుపు దగ్గరే ఉన్నాయి.

బండి వచ్చింది. బావ ముఖం చూసి నేనేమీ తెలుసుకోలేకపోయాను. ఆయన కూడా అక్క ఏమంటుందా అని ఎదురుచూస్తున్నాడు. ఇంజను ఆపి, దిగకుండా అలాగే కూర్చున్నాడు. అక్క దిగి కొంగు సర్దుకుంది. అద్దం మీద పడ్డ దుమ్ము వేలితో తుడిచింది. గణపతిరావుగారిని చూసి నమస్కారం పెట్టింది.

"బాబూ, ఎండన పడి వచ్చినారు. మజ్జిగ తాగి ఎల్లండి. బండి మాత్తరం ఇమ్మం."

"అదేమిటమ్మా, నువ్వే కదా కబురు పెట్టావు?"

"పెట్టినాను. తప్పు నాదే. ఈయన సెయ్యి పాడైపోనాదనుకున్నాను. బాగానే ఉన్నాది."

గణపతిరావుగారికి కోపం వచ్చింది. పాపం, రాదా మరి. లేచి బండి చుట్టూ ఒకసారి తిరిగి, కొత్త హేండిలు మీద చెయ్యి వేసి, ఎడమపక్క వంగి చూశారు.

"ఏమయ్యా అప్పలసూరీ, ఇంత పనివాడివి, ఈ మీటరు ఇలా వంకరగా బిగించావేమిటి? నడిపేవాడికి కనపడదు కదా?"

"నా బావమరిది బిగించినాడు బాబూ. బియ్యస్సీ" అన్నాడు బావ, ఎంతో గర్వంగా.

నేను తల వంచుకున్నాను. అక్క మజ్జిగ తెచ్చి ఆయనకీ, ఆయనతో వచ్చిన మనిషికీ ఇచ్చింది. ఇద్దరూ రెండేసి గ్లాసులు తాగారు. వెళ్ళేటప్పుడు గణపతిరావుగారు, మా మిల్లు ఇంజను కూడా పొగ ఎక్కువ కక్కుతోంది, వీలు చూసుకుని ఒకసారి రమ్మని బావతో అన్నారు. బావ మంగళవారం వస్తానన్నాడు.

వాళ్ళు వీధి దాటాక అక్కని అడిగాను, దారిలో ఏమైందని.

"ఏటవుతాది? ముల్లు నిలబడింది. ఊరు దాటిన కాన్నించి నిలబడే ఉన్నాది." గొంతు తగ్గించి అంది. "నిన్న అంత బాగా నడిపితే, నాను బయపడిపోనాడన్నాను సూడు. ఆ మాట మీ బావకి సెప్పకు."

"చెప్పను అక్కా."

"నాకు ఇనబడింది" అన్నాడు బావ పందిట్లోంచి. "నిన్న కూడా ఆ ఒక్క మాటా ఇనబడింది."

అక్క చేతిలోని గ్లాసు కింద పెట్టి గుమ్మంలోకి వెళ్ళింది. "ఇనబడితే మరి నిన్నేటి మాటాడలేదు?"

"నోరెత్తొద్దన్నావు కదే."

అక్క పందిట్లోకి వెళ్ళి ఆయన మంచం పట్టె మీద పక్కనే కూర్చుంది. పగటిపూట, నా ఎదట, వాళ్ళిద్దరూ అలా ఒక మంచం మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక నేను స్పేనర్లన్నీ ఏరి, ఒక్కొక్కటి తుడిచి, సంచిలో పెట్టుకుంటూ చాలాసేపు బండి అవతలివైపే ఉండిపోయాను.